వదినకు కంప్యూటర్: ముందు టైప్ క్లాసా, నేరుగా బిల్లుల పనా?

విల్లివాక్కం మరిది:
మా వదినకు నలభై దాటాయి. చెన్నైలో కొత్వాల్ చావడి దగ్గర ఒక మసాలా దినుసుల హోల్‌సేల్ కొట్టులో ఎన్నో ఏళ్లుగా చేత్తో బిల్లులు రాస్తోంది. దసరా నుంచి అన్నీ కంప్యూటర్‌లోనే అని ఓనరు చెప్పేశాడు. తను పదో తరగతి, తెలుగు మీడియం. ఇంగ్లిష్ అక్షరాలు బాగానే చదువుతుంది. ఫోన్‌లో యూపీఐ, వాట్సాప్ నాకంటే చురుగ్గా వాడుతుంది కానీ మౌస్ పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. ముందు టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పిద్దామని అన్నయ్య పట్టు. నాకేమో దండగ అనిపిస్తోంది. మీరేమంటారు?

పాత టైపు మాస్టారు:
దండగ అనకు తంబీ. ఈ ఊళ్లో టైప్ ఇన్‌స్టిట్యూట్‌లు ఇంకా నడుస్తున్నాయంటే ఊరికే కాదు. సాంకేతిక విద్యా శాఖ వాళ్ల పరీక్షలో జూనియర్‌కు నిమిషానికి 30 మాటలు, సీనియర్‌కు 45 కొట్టాలి. మన వైపు లోయర్, హయ్యర్ అనేవాళ్లం, అవే. మొదటి రోజు ‘ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్’ తప్ప ఇంకేమీ కొట్టనివ్వం. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలు ఉబ్బుగా ఉంటాయి. చూపుడు వేళ్లకు అవి తగిలితే చాలు, కిందికి చూడాల్సిన పని లేదు. ఒంటి వేలితో వెతుక్కుంటూ కొట్టడం ఒకసారి అలవాటైందా, బ్రహ్మదేవుడు దిగొచ్చినా మాన్పించలేడు.

ప్యారిస్ అకౌంటెంట్:
మాస్టారూ, మీరంటే గౌరవమే. కానీ ఆవిడేమీ టైపిస్టు పరీక్ష రాయబోవడం లేదు కదా. బిల్లులో కొట్టేది ఎంత? పార్టీ పేరు రెండక్షరాలు కొడితే మిగతాది లిస్టులో అదే వస్తుంది. ఇక బస్తాలు, కిలోలు, రేటు, అన్నీ అంకెలే. వాటికి కీబోర్డు కుడివైపున నంబర్ ప్యాడ్ ఉంది. దాంట్లో 5 మీద కూడా ఉబ్బు ఉంటుంది. మధ్యవేలు అక్కడ ఆనించి, కళ్లు కాగితం మీద పెట్టి కొట్టడమే. ఒక్కటి మాత్రం మొదటి రోజే చూపించండి: నమ్ లాక్ అనే కీ ఆఫ్‌లో ఉంటే అంకె పడదు, కర్సర్ అటూ ఇటూ గెంతుతుంది. కంప్యూటర్ పాడైపోయిందని కొత్తవాళ్లు కంగారు పడేది ఇక్కడే.

కొట్టులో టాలీ అనే బిల్లులు, లెక్కల సాఫ్ట్‌వేర్ పెడతారనుకుంటున్నా. అందులో మౌస్ ముట్టుకోకుండానే రోజు గడిచిపోతుంది. ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్, కంట్రోల్ ఏ కొడితే సేవ్. లైసెన్స్ లేకపోయినా ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఇంట్లోనే ప్రాక్టీస్ చేయించవచ్చు. నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీ పడుతుంది, నేర్చుకోవడానికి ఆ మాత్రం చాలు.

నిజమైన టెన్షన్ ఎక్సెల్‌తో. మిరియాల హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, అదే జీఎస్టీ బిల్లులో సరుకు రకాన్ని చెప్పే నంబర్, 0904 అని కొట్టి ఎంటర్ నొక్కండి, 904 అయి కూర్చుంటుంది. పసుపు 0910 కొడితే 910. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబర్ కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఎందుకంటే ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలకు మించి పట్టుకోదు. నంబర్ ముందు ఒక సింగిల్ కోట్ పెట్టి కొడితే ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది. నిమిషానికి 45 మాటలు కొట్టే మనిషైనా ఈ సంగతి తెలియకపోతే తప్పు లిస్టే ఇస్తుంది. వదినగారికి వేగం కంటే సరిచూసుకోవడం ముఖ్యం. ఇన్నేళ్లు చేత్తో బిల్లులు రాసిన మనిషికి అది మనం నేర్పాలా?

పాత టైపు మాస్టారు:
మరి జీఎస్టీ నంబర్? 15 గళ్లు, అక్షరాలూ అంకెలూ కలగాపులగం. మొదట రాష్ట్రం కోడ్, ఇక్కడివాళ్లకు 33, ఆంధ్రా పార్టీ అయితే 37. ఆ తర్వాత పదీ పాన్. ఒంటి వేలితో కొడితే సున్నా ఉండాల్సిన చోట ‘ఓ’ పడదా?

ప్యారిస్ అకౌంటెంట్:
పది వేళ్లతో కొట్టినా పడుతుంది మాస్టారూ. ఒక పార్టీకి ఆ నంబర్ ఎక్కించేది ఒక్కసారే, అదీ జీఎస్టీ పోర్టల్‌లో పేరు సరిచూసుకుని.

అంబత్తూరు అమ్మాయి:
మీరిద్దరూ వేళ్ల దగ్గరే ఆగిపోయారు. ఫోన్ నుంచి కంప్యూటర్‌కు వచ్చేవాళ్లకు అసలు అర్థం కానిది ఫైల్ ఎక్కడుందో. ఫోన్‌లో యాప్ తెరిస్తే అన్నీ అక్కడే ఉంటాయి, ఫోల్డర్ గొడవే లేదు. మా అమ్మ వాట్సాప్ వెబ్‌లో వచ్చిన చీటీ లెక్కల షీట్ దించుకుని, పేర్లన్నీ ఎక్కించి, సేవ్ చేసి మూసేసింది. మర్నాడు మళ్లీ వాట్సాప్‌లోకే వెళ్లి దాన్నే దించుకుంది. అది కొత్త కాపీ కదా, ఖాళీగా ఉంది. ‘రాత్రి రాసిందంతా ఎవరు చెరిపారే?’ అని నా మీద పడింది. డౌన్‌లోడ్స్‌లో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, రెండోదాని పేరు చివర 1 అని. అది చూపించాక గానీ శాంతించలేదు. అందుకే టైపింగైనా టాలీ అయినా తర్వాత. ముందు ఒక ఫోల్డర్ చేయించి, ఫైల్‌కు తన చేతే పేరు పెట్టించి, మూసి, మళ్లీ వెతికించండి. దాంతోపాటు కంట్రోల్ జెడ్. తప్పు చేసినా వెనక్కి వస్తుందని తెలిస్తే సగం భయం పోతుంది.

మౌస్ వణుకుకు మందు సాలిటేర్, కంప్యూటర్‌లో ఒక్కరే ఆడుకునే పేకాట. 1990లో విండోస్ 3.0తో అది వచ్చినప్పుడు ఎంతోమందికి మౌస్‌తో లాగి వదలడం దాంతోనే అలవాటైంది. సెట్టింగ్స్‌లో పాయింటర్ స్పీడ్ కూడా కాస్త తగ్గించండి.

విల్లివాక్కం మరిది:
ఇదంతా వదినకు చదివి వినిపించా. ‘ఉద్యోగం నిలబెట్టమంటే పేకాట నేర్పిస్తావా?’ అంది! అన్నయ్య మాత్రం మాస్టారి పక్షమే. ఇంట్లో ప్రాక్టీస్‌కు రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చూస్తున్నాం. 14 అంగుళాలది చాలా?

ప్యారిస్ అకౌంటెంట్:
వాటిలో చాలావాటికి నంబర్ ప్యాడ్ ఉండదు. 15.6 అంగుళాల వాటిలో ఉన్నది చూసుకోండి, లేదా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ విడిగా దొరుకుతుంది. ఇంకోటి, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ మెషీన్‌లో 11 ఎక్కుతుందో లేదో డబ్బు ఇవ్వకముందే తేల్చుకోండి.

పాత టైపు మాస్టారు:
సరే, టాలీతోనే మొదలుపెట్టండి, కాదనను. రోజూ ఓ అరగంట మాత్రం చేతుల మీద గుడ్డ కప్పి అక్షరాలు కొట్టించండి.

ప్యారిస్ అకౌంటెంట్:
గుడ్డ కప్పితే నమ్ లాక్ లైటు కనబడదు మాస్టారూ.