ఊపిరితిత్తిలో ఒక్కటే మచ్చ: కోయించాలా, వద్దా?

పలాస కుర్రోడు:
మా చిన్నాన్నకి ప్రోస్టేట్ క్యాన్సరని గ్రంథి తీయించేశాం. ఇప్పుడు రక్తంలో ఆ జబ్బు జాడ చెప్పే పీఎస్‌ఏ మళ్లీ పెరుగుతోంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఒంట్లో ఎక్కడుందో వెతికే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌లో ఎముకలు బాగున్నాయి, ఎడం ఊపిరితిత్తిలో ఒక్క మచ్చ ఉంది. విశాఖలో ఒక డాక్టరు గారు చిన్న రంధ్రాలు పెట్టి తీసేద్దామంటున్నారు. ఇంకొకరు కొయ్యక్కర్లేదు, హార్మోను ఇంజెక్షన్లు చాలంటున్నారు. నాకైతే కోయించాలనే ఉంది. ఒక్కటే కదా, తీసీడానికి ఏటి అడ్డు?

నాగావళి గట్టు:
తమ్ముడూ, స్కాన్‌కి దొరికింది ఒక్కటి. రక్తంలో పడి అక్కడిదాకా పోయిన జబ్బు ఇంకెక్కడా లేదని ఎవరు చెప్పగలరు? ఇది మామూలుగా ఎముకలకీ, లింఫు గ్రంథులకీ పాకుతుంది. ఊపిరితిత్తికి మాత్రమే రావడం అరుదు. అందుకే ఈ ఆపరేషన్ మీద ఒకరిద్దరు రోగుల కథలే ఎక్కువ. బాగుపడ్డవాళ్ల గురించి రాస్తారు, మిగతావాళ్ల గురించి ఎవరు రాస్తారు? మగ హార్మోను ఆపితే ఈ జబ్బు తగ్గుతుందని 1941లోనే అమెరికా సర్జన్ చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు. దానికి ఆ హార్మోను తయారవ్వకుండా ఆపే అబిరాటెరోన్ మాత్రలు కలిపితే పాకిన జబ్బులోనూ ఆయుష్షు పెరుగుతుందని వేలమంది మీద తేలింది.

బొబ్బిలి కోట:
అది ప్రోస్టేట్ మచ్చే అని తేలిందా, నాగావళి గారూ? మన వైపు టీబీకి కొదవా? చుట్ట అలవాటుంటే విడిగా ఊపిరితిత్తి క్యాన్సరే కావచ్చు. ఆ స్కాన్‌లో ఇవీ వెలుగుతాయి. మచ్చ అంచున ఉంటే ఆ ఆపరేషన్‌తో పరీక్షా, వైద్యమూ ఒకేసారి అయిపోతాయి. ఏ జబ్బో తెలీకుండా ఏళ్ల తరబడి ఇంజెక్షన్లు పొడవడం అన్యాయం.

నాగావళి గట్టు:
ముక్క పరీక్ష కావాల్సిందే. చాలాసార్లు సూదితోనూ తీస్తారు. ప్రోస్టేట్‌దే అని తేలితే గురిపెట్టి ఇచ్చే రేడియేషన్ ఉంది. దాని మీద 2019లో వచ్చిన సాబర్-కామెట్ అనే పరిశోధనలో, కొన్ని చోట్లకే పాకిన రకరకాల క్యాన్సర్లవాళ్లు 99 మంది. ఈ రేడియేషన్ పడ్డవాళ్ల మధ్యస్థ ఆయుష్షు (సగం మంది దాటిన కాలం) 41 నెలలు, పడనివాళ్లది 28. అయితే ప్రోస్టేట్ వాళ్లు 16 మందే, అందులో 14 మంది రేడియేషన్ వైపే పడ్డారు. ఈ జబ్బువాళ్లు మామూలుగానే ఎక్కువకాలం ఉంటారు కాబట్టి ఆ తేడా అంతా రేడియేషన్ గొప్పే అనలేం. పైగా దానివల్ల ముగ్గురు పోయారు.

ఉద్దానం ఆడపడుచు:
బాబూ, మాది కవిటి వైపు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశారా? మన ఉద్దానపోళ్లకి మత్తు ఇవ్వాలన్నా, రంగు మందు ఎక్కించి స్కాన్ తీయాలన్నా ముందు అది చూడాల. ఇంకో మాట. ఇంజెక్షన్లకి బదులు, మగ హార్మోను తయారుచేసే వృషణాలు తీసే చిన్న ఆపరేషన్ ఉంది. ఒక్కసారితో అయిపోద్ది, మూణ్నెల్లకోసారి విశాఖ బస్సెక్కక్కర్లేదు. సిగ్గుపడి మగాళ్లు ఆ మాట ఎత్తరు. మీరైనా అడగండి.

పలాస కుర్రోడు:
క్రియాటినిన్ కొంచెం ఎక్కువే ఉందక్కా. మచ్చ అంచునే ఉందట. ముక్క పరీక్ష సూదితోనా, రంధ్రాలతోనా అన్నది సోమవారం ఇద్దరు డాక్టర్లనీ అడుగుతాం. కోయించాలన్న పట్టు అప్పటిదాకా పక్కన పెట్టాను.