ఏడాది చివర పాటల యాప్ ఇచ్చే లెక్క: పిలకాయల అసలు అభిరుచి అదేనా?

పెన్నా_గట్టు (నెల్లూరు): మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. ఈ ఏడాది తను ఎక్కువ విన్నవాళ్ల పేర్లని యాప్ ఇచ్చిన బొమ్మ స్టేటస్‌లో పెట్టింది. ఐదుకి ఐదూ కొరియా వాళ్లే. బాలు గారు పెరిగిన ఊరు మాది, ఇక్కడి ప్రభుత్వ సంగీత పాఠశాలకి 2020లో ఆయన పేరే పెట్టారు. ఒక్క తెలుగు పాట లేదు. ఇది పిల్ల ఇష్టం కాదు, యాప్ మేపిన మేత.

కావలి_రవి: పాటలే గదన్నా. వదిలెయ్.

కందుకూరు_మాస్టారు: స్పాటిఫైలో 30 సెకన్లు దాటితే విన్నట్టే లెక్క. సగం వినకపోయినా పేరు పైకొస్తుంది. ముందు అది తేల్చండి.

ఒంగోలు_పిల్ల: అంకుల్, నాకు 19. కొరియన్ లిపిలో మూలాక్షరాలు 24. పాటల కోసం నా ఫ్రెండు వారంలో నేర్చుకుంది. మేపితే అంత కష్టపడతారా? ఇంకోటి, స్టేటస్‌లో పెట్టేది మేం చూపించుకోవాలనుకున్నదే. ఏడుపొచ్చినప్పుడు ప్రైవేట్ సెషన్ పెట్టుకొని వింటాం, ఫ్రెండ్స్‌కి కూడా కనపడదు.

కందుకూరు_మాస్టారు: 30 సెకన్ల సంగతి చెప్పలేదు.

పెన్నా_గట్టు: చూశారా, దాచుకుంటారంట! కన్నవాళ్ల దగ్గర దాపరికమేందమ్మా? నాలుగో క్లాసులో స్కూటర్ మీద నా ముందు నిలబడి, ఆత్మకూరు బస్టాండు దాకా గొంతెత్తి పాడేది. ఇప్పుడు ఏం వింటన్నావంటే "ఏం లేదు నాన్నా" అంటది.

ఒంగోలు_పిల్ల: అయితే మీ బాధ కొరియా పాటలు కాదు గదా అంకుల్. మా నాన్న ఒకసారి "ఈ అరుపులేంది" అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో నేను పాట బయటికి పెట్టలా. రెండేళ్లయింది. ఒక ఇయర్‌ఫోన్ ఇటియ్యమ్మా అని మీరెప్పుడన్నా అడిగారా?

కావలి_రవి: మాస్టారూ, ఆ 30 సెకన్లు కాసేపు ఆపండి.

పెన్నా_గట్టు: అడగలేదు. ఆ మాట నేనూ అన్నా. పోయిన సంక్రాంతికి, మా అక్కావాళ్లంతా కూర్చోనుంటే. వంటింట్లో అరిసెల పిండి కలుపుతా ఫోన్లో పాట పెట్టుకోనుండింది. పిండి చేత్తోనే ఫోన్ నొక్కి ఆపేసింది. ఇయర్‌ఫోన్స్ కొనియ్యమని అడిగింది ఆ మర్నాడే.