కాపలాకని తెచ్చాం, పాలబ్బాయి మీద పడుతోంది

మధురవాడ ఇల్లు:
మా రాట్‌వైలర్‌ కుక్కకి 11 నెలలు. నలుగురిలో తిప్పితే మెత్తబడిపోతుందని అమ్మినాయన చెప్తే గేటు దాటించలేదు. పగలు గొలుసు, రాత్రి వదిలేస్తాం. ఇప్పుడు గ్యాస్ బండ తెచ్చే అబ్బాయైనా, మా అత్తగారైనా దానికి ఒకటే. నిన్న పాలబ్బాయి ప్యాంటు చింపేసింది. ఇక రాత్రి కూడా కట్టేయాలా?

ఎంవీపీ డోబర్‌మన్:
కట్టేస్తే ఇంకా ముదురుతుందండీ. మావాడిని 50 రోజులకి తెచ్చాను. మూడో వారం నుంచి 12, 14 వారాల దాకా చూసినవన్నీ కుక్కపిల్లలకి మామూలైపోతాయి. టీకాలు పూర్తవలేదని కింద దించలేదు గానీ, ఒళ్లో పెట్టుకుని తిప్పాను. ఆ ఏడు సింహాచలం గిరి ప్రదక్షిణ జనం వెళ్తుంటే అర్ధరాత్రి దాకా రోడ్డు పక్కన వాడితో కూర్చున్నా. గోవిందలు, పోలీసు విజిళ్లు, అన్నీ విన్నాడు. ఇప్పుడు ఐదేళ్లు. కొరియర్ వస్తే రెండు అరుపులు, చాలంటే పడుకుంటాడు. రాత్రి గోడ మీద చెయ్యి పడితే మాత్రం ఆ అరుపే వేరు. జర్మనీలో లూయీ డోబర్‌మన్ పన్నుల వసూళ్లకి తోడుగా ఉండాలని ఈ జాతిని తయారు చేశాడంటారు. ఎదురైన ప్రతివాడినీ కరిస్తే పన్ను ఎవడు కడతాడు!

పెందుర్తి తోట:
ఇవన్నీ పట్నం వేషాలు. మా తోటలో ఊరకుక్కకి ఎవరు నేర్పారు? కొత్తవాణ్ణి తరుముతుంది, కూలీల జోలికి పోదు.

ఎంవీపీ డోబర్‌మన్:
అది పుట్టిందే జనం మధ్య కదండీ. మీరు చేయాల్సిన పని ఊరే చేసిపెట్టింది.

అక్కయ్యపాలెం షెపర్డ్:
మధురవాడ గారూ, దూకేటప్పుడు తోక ఎలా ఉంటుంది?

మధురవాడ ఇల్లు:
కాళ్ల మధ్యకి పోతుంది. మనిషి అటు తిరిగాకే వెనకనుంచి పట్టుకుంటుంది.

అక్కయ్యపాలెం షెపర్డ్:
అయితే అది కాపలా కాదు, భయం. ఈ వయసులో మారడానికి నెలలు పడుతుంది. మూతికి బుట్ట మెల్లగా అలవాటు చేయండి. కొత్త మనిషిని అది చూసి ఊరుకునేంత దూరంలో నిలబెట్టి, కనబడినప్పుడల్లా కోడి ముక్క పెట్టండి. గుర్రుమంటే కొట్టకండి. మా మొదటి షెపర్డ్‌ని నేనే అలా పాడుచేశాను, గుర్రుమనడం మానేసి చెప్పాపెట్టకుండా కరిచేది. అన్నట్టు, పాలబ్బాయికి గీత పడిందా?

మధురవాడ ఇల్లు:
పిక్క మీద చిన్న గీరు. కుక్కకి రేబిస్ టీకా వేయించాం కదా అని ఊరుకున్నాం.

అక్కయ్యపాలెం షెపర్డ్:
ఊరుకోకండి. సబ్బుతో పావుగంట కడిగించి ఇప్పుడే విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లండి. కుక్క టీకాల కార్డు కూడా పట్టుకెళ్లండి.

మధురవాడ ఇల్లు:
వెళ్లొచ్చాం. మొదటి సూది పడింది, మిగతావాటికీ నేనే తీసుకెళ్తానన్నాను. రేపట్నుంచి పాలు సందు చివర తీసుకుంటున్నాం. కుక్క గేటు లోపల, కోడి ముక్క మా ఆవిడ చేతిలో.