సౌత్ వేల్స్ బార్డరర్స్: సైనికుడు ఏ బెటాలియన్‌వాడో తెలుసుకోవడం ఎలా?

బ్రిటిష్ సైన్యంలోని ఈ వెల్ష్ పదాతి రెజిమెంటు చరిత్రను తెలుగులో రాస్తున్నాను. తెలిసినవారు దయచేసి సాయం చేయండి.

పాత భాగం స్పష్టంగానే ఉంది. 1689లో పుట్టిన ఈ దళం తర్వాత 24వ ఫుట్ (పదాతి రెజిమెంటు) అయింది. 1857 తిరుగుబాటు తర్వాత సైన్యాన్ని పెంచినప్పుడు, 1858లో దీనికి రెండో బెటాలియన్ ఏర్పడింది. 1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలోని ఇసాండ్ల్వానాలో జులూలు తుడిచిపెట్టినది ముఖ్యంగా మొదటి బెటాలియన్‌ను. అదే రోజు రోర్క్స్ డ్రిఫ్ట్ స్థావరాన్ని కాపాడింది రెండో బెటాలియన్‌లోని బి కంపెనీ. ఈ రెంటినీ కలిపేసి రాయడం చూస్తే నాకు బాధేస్తుంది.

అసలు చిక్కు మొదటి ప్రపంచ యుద్ధంతో వస్తోంది. రెండో బెటాలియన్ 1914లో జపాన్ సేనతో కలిసి చైనాలోని చింగ్‌దావ్‌లో పోరాడి, మరుసటి ఏడాది టర్కీలోని గల్లిపోలీలో దిగింది. 10, 11 బెటాలియన్లు 1916 జులైలో ఫ్రాన్స్‌లోని మామెట్జ్ అడవిలో ఉన్నాయి. కానీ సైనికుల పతకాల అంచున సంఖ్య, హోదా, పేరు, రెజిమెంటు మాత్రమే చెక్కి ఉంటాయి, బెటాలియన్ ఉండదు.

సైనికుడి సంఖ్యను బట్టి బెటాలియన్‌ను గుర్తించవచ్చా? 1918 ఫిబ్రవరిలో 11వ బెటాలియన్‌ను రద్దు చేశాక అందులోని వారిని ఎక్కడెక్కడికి పంపారు? ఏ రికార్డులు ముందుగా చూడాలో చెప్పినా చాలు.