చీరల ఫోటోలకు కర్వ్స్ ముట్టుకోవాలా, స్లైడర్లు చాలా?

భువనగిరి ఎడిటర్:
అన్నలూ, అక్కలూ, ఒక విషయంలో మీ మాట కావాలి. నేను పోచంపల్లి, పుట్టపాక చీరల ఫోటోలు ఎడిట్ చేసి ఆన్‌లైన్‌లో అమ్మే షాపులకు ఇస్తుంటాను. ఇన్నాళ్లూ వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్, కాంట్రాస్ట్ స్లైడర్లతోనే పని నడిచింది. కొత్తగా పని ఇస్తున్న షాపు వాళ్లు "రంగులు చప్పగా ఉన్నాయి, కర్వ్స్‌లో చెయ్" అంటున్నారు, అంటే ఒక గీతను వంచి వెలుగు, రంగు మార్చే పనిముట్టులో. ఫోటోకింత అని ఇచ్చే పైసలకు ఒక్కోదానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానెళ్లు విడివిడిగా పట్టుకుని కూర్చుంటే నాకు గిట్టుబాటు కాదు. నిజంగా కర్వ్స్‌తో మాత్రమే అయ్యే పని ఏమైనా ఉందా?

పాలమూరు కెమెరా:
ఉంది తమ్మీ, చాలా ఉంది. కాంట్రాస్ట్ స్లైడర్ ఫోటో మొత్తాన్ని ఒకే లెక్కన లాగేస్తుంది, ఎక్కడ లాగాలో, ఎక్కడ ఆపాలో నీ చేతిలో ఉండదు. కర్వ్‌లో అడుగు గీత మీద ఫోటోలో ఉన్న వెలుగు, నిలువు గీత మీద నీకు కావాల్సిన వెలుగు, రెండూ 0 నుంచి 255 దాకా. మధ్యలో ఏటవాలు గీత తిన్నగా ఉన్నంతసేపు ఏమీ మారదు. ముదురు అంచు ఒక్కటే కనబడటం లేదనుకో, కింది భాగంలో ఒక చుక్క పెట్టి కొంచెం పైకి లేపు, నడుమ ఇంకో చుక్క పెట్టి మిగతాది కదలకుండా పట్టుకో. ఫోటోషాప్‌లో కంట్రోల్ ఎం నొక్కి కర్వ్స్ తెరిచి, కంట్రోల్ పట్టుకుని చీర మీద క్లిక్ చేస్తే ఆ జాగా వెలుగు కర్వ్‌లో ఎక్కడుందో అక్కడే చుక్క పడుతుంది, వెతుక్కునే పనే లేదు. ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫోటోకు ఆకుపచ్చ జీర వస్తే గ్రీన్ చానెల్ నడుమ కాస్త దించు, పోతుంది. బ్లూ దించితే పసుపు పెరుగుతుంది, అది కూడా ముదురు భాగంలోనే కావాలంటే అక్కడే దించొచ్చు. ఇది మామూలు టెంపరేచర్ స్లైడర్‌తో చేసి చూపించు, నేను కెమెరా పక్కన పెట్టేస్తా.

సూర్యాపేట డిజిటల్:
గింప్ సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇదంతా ఉంది, పైసా ఖర్చు లేదు. కలర్స్ మెనూలో చూడు.

నల్గొండ ఆఫ్‌సెట్:
పాలమూరు తమ్ముడు చెప్పినదాంట్లో మొదటి మాటే తప్పు. కర్వ్ పైకి లేపితే తేలిక కాదు, ముదురుతుంది. నేను ప్రెస్సులో రోజూ చేసే పని ఇది. పైకి లేపితే ఇంకు పెరుగుతుంది, ఇంకు పెరిగితే ముదురే అవుతుంది. తెలియని పిల్లలు అడిగినప్పుడు ఇట్లా తలకిందులు చెప్తే వాళ్ల పని ఏమవుతుంది? నన్నడిగితే ఈ అబ్బాయికి లెవెల్స్ చాలు. నలుపు ఎక్కడ మొదలు, తెలుపు ఎక్కడ ఆఖరు, నడిమి వెలుగు ఎంత, మూడు గుర్తులు జరిపితే అయిపోతుంది. కర్వ్ మీద ఎక్కువ చుక్కలు పెట్టి మెలికలు తిప్పిన ఫోటోలు మా దగ్గరికి వస్తాయి, మడతల దగ్గర రంగు మెట్లుమెట్లుగా విరిగి ఉంటుంది.

పాలమూరు కెమెరా:
అన్నా, వయసుకు మర్యాద ఇస్తా గానీ పైకి లేపితే ముదురుతుందంటే ఎట్లా ఒప్పుకుంటా? ఇప్పుడే తెరిచి లేపిన, తేలికైంది. ఎన్నో పెళ్లి ఆల్బమ్‌లు ఈ కర్వ్‌తోనే చేసిన.

సూర్యాపేట డిజిటల్:
నాకూ తేలికే అయింది.

నల్గొండ ఆఫ్‌సెట్:
మీరిద్దరూ స్క్రీన్ మీద చూసి మాట్లాడుతున్నారు, నేను కాగితం మీద చూసి మాట్లాడుతున్నా. ఒక స్టూడియో వాళ్లు క్యాలెండర్‌కు ఇచ్చిన ఫోటోలు అచ్చు వేస్తే ఎరుపంతా ముద్దలా వచ్చింది, పార్టీ వచ్చి నా మీద అరిచాడు, కాగితం ఖర్చు నేనే పెట్టుకున్నా. ఆ ఫోటోలు పాడుచేసింది ఈ కర్వే. పైకి లేపితే ముదురు, నేను మాట మార్చను.

దేవరకొండ ఫ్లెక్స్:
ఇద్దరి మాటా నిజమే, మీరు చూసే ఫైళ్లే వేరు. కెమెరా ఫోటో ఆర్‌జీబీలో, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల లెక్కలో ఉంటుంది, ఫోటోషాప్ అక్కడ కర్వ్‌ను వెలుగు లెక్కన చూపిస్తుంది, పైకంటే ఎక్కువ వెలుగు. ఆఫ్‌సెట్ అన్న ఫైలు సీఎంవైకే, అంటే అచ్చులో వాడే నాలుగు ఇంకులది, అక్కడ ఇంకు శాతం లెక్క, 0 నుంచి 100, పైకంటే ఎక్కువ ఇంకు. కర్వ్స్ డిస్‌ప్లే ఆప్షన్లలో వెలుగు లెక్కా, ఇంకు లెక్కా అని మార్చుకునే సౌకర్యం ఉంది. ఫోటో మొబైల్‌లో చూపించడానికైతే ఆర్‌జీబీలోనే ఉంచి, ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌తో (ఫైల్లో ఏ అంకె ఏ రంగో చెప్పే గుర్తు) సేవ్ చేయండి. ఇంకా ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీలో ఉన్న ఫోటో ప్రొఫైల్ పట్టించుకోని చోటికి పోతే చప్పబడుతుంది. ఎడిటర్ తమ్ముడి షాపు వాళ్ల గొడవకు కారణం అదే కావచ్చు, ముందు అది చూసుకో.

నల్గొండ ఆఫ్‌సెట్:
ఆప్షన్ ఉంది సరే. కానీ పాలమూరు తమ్ముడు ఏ ఫైలో చెప్పకుండా రాశాడు కదా, నేనన్నది అదే.

పుట్టపాక మగ్గం:
పైకా కిందికా అని మీరు కొట్లాడుకుంటుంటే చదువుతూ కూర్చున్నా. మా ఇంట్లో మగ్గం ఉంది, నాన్న నేస్తాడు, అమ్మ ఆసు పోస్తుంది (దారాన్ని మేకుల చుట్టూ చుడుతుంది), చిటికి (రంగు అంటకుండా దారానికి కట్లు) కడుతుంది, షాపుల వాళ్లతో ఫోన్ మాటలు నేను చూసుకుంటా. ఇక్కత్ అంటే దారానికే ముందు కట్లు కట్టి రంగులో ముంచి తర్వాత నేస్తారు. కట్టు కిందికి రంగు కొద్దిగా పాకుతుంది, నేసేటప్పుడు పేక వెంట్రుకవాసి జరుగుతుంది, అందుకే పువ్వు అంచు గీత గీసినట్టు ఉండదు, నూగుగా కలిసిపోతుంది. తెలిసినవాళ్లు చీరను గుర్తుపట్టేది ఆ అంచుతోనే. మీరు ఎస్ ఆకారంలో కర్వ్ వంచితే నడిమి ఛాయలన్నీ అటో ఇటో తోసుకుపోతాయి, ఆ నూగు మాయమై అంచు కత్తిరించినట్టు అవుతుంది. మా చీర ఒకటి అట్లాంటి ఫోటోతో అమ్ముడుపోయింది, పండక్కి ముందు. కొన్నామె ఫోటోలో చూసిన గీత చీరలో లేదని, రంగు దిగిపోయిన చీర పంపారని వాపసు పంపింది. మరో చీర ఫోటో కిందేమో ఇది ప్రింట్ చీర అని రాశారు. మొదటి చీర వాపసు ఖర్చు, మడత నలిగిందని తగ్గించిన ధర, రెండూ షాపు వాళ్లు మా లెక్కలో కోసేశారు.

పాలమూరు కెమెరా:
అక్కా, నీ బాధ అర్థమవుతుంది గానీ అది కర్వ్ తప్పు కాదు, మోతాదు తప్పు. దానిమీద షార్ప్‌నెస్ కూడా కొట్టి ఉంటారు, అంచు కత్తిరించినట్టు అయ్యేది ఎక్కువగా దానివల్లే. ఇంకోటి, ఆర్‌జీబీ కర్వ్‌లో కాంట్రాస్ట్ పెంచితే రంగు గాఢత కూడా దానంతటదే పెరుగుతుంది, ఎరుపు, మెరూన్‌లలో బాగా కొడుతుంది. రెడ్ చానెల్ 255కి తగిలిందా, ఇక ఆ చానెల్‌లో మడతల వివరం పోయినట్టే. అందుకే కర్వ్స్‌ను అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గా, అంటే ఫోటో మీద విడి పొరగా పెట్టి, ఆ పొర ఫోటోతో కలిసే తీరును (బ్లెండ్ మోడ్) లూమినాసిటీకి మార్చాలి, అప్పుడు వెలుగు మాత్రమే మారుతుంది, రంగు కదలదు. పని తెలిసినవాడి చేతిలో కర్వ్ ఎప్పుడూ ఫోటోను పాడుచేయదు.

పుట్టపాక మగ్గం:
పని తెలిసినవాళ్లే చేశారన్నా. తేలియా చీరకు నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో నానబెడతారు. అందులో తెల్లగా కనబడేది పాలమీగడ రంగు, పాలిపోయిన తెలుపు కాదు. 2020లో ఈ తీరు నేతకే పేరైన తేలియా రుమాల్‌కు జీఐ (ఆ ఊరి సరుకని చెప్పే) గుర్తింపు వచ్చింది, ఆ నూలు రంగు కూడా ఈ చీర గుణమే. ఎడిటింగ్ చేసినాయన కర్వ్స్‌లో 'ఇది తెలుపు' అని చూపించే డ్రాపర్‌తో ఆ నూలు మీదే క్లిక్ చేశాడు. సాఫ్ట్‌వేర్ దాన్ని స్వచ్ఛమైన తెలుపు చేయడానికి పసుపును గుంజేసింది, ఫోటో మొత్తం నీలానికి తిరిగింది, మా ఇటుక ఎరుపు గులాబీ ఛాయకు పోయింది. చీర పక్కన ఫోన్ పెట్టి చూస్తే రెండూ వేరు చీరలు. లూమినాసిటీ పెట్టావా లేదా అని నన్నడిగి ఏం లాభం? ఆయన ఒక్కసారైనా చీరను చేత్తో పట్టుకుని చూడలేదు.

పాలమూరు కెమెరా:
అక్కా, మా ఇంటికి చీర ఎవరు పంపుతారు? ఫోటోలు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా కూడా పంపరు, కుదించి పంపుతారు. మేము షాపు వాళ్లు చెప్పింది చేస్తాం. చప్పగా ఉందంటే పెంచుతాం, ఎక్కువైందంటే తగ్గిస్తాం. నాకు కూడా ఒక నెల పైసలు ఆపారు, కస్టమర్లు రంగు తేడా అన్నారని. నేను ఎవరి మీద కోయాలి?

పుట్టపాక మగ్గం:
చెప్పేది షాపు, చేసేది మీరు, కోత పడేది మాకు. నాన్న వారాల తరబడి కూర్చుని నేసిన చీరకు, మీరు కాసేపట్లో వంచిన గీతకు మేమెందుకు కట్టాలి? మీరు ఇంతసేపూ ఏ మీట ఎట్లా వాడాలని మాట్లాడుతున్నారు, ఆ మీట వాడినందుకు ఎవరు జవాబుదారీ అన్నది ఒక్కరూ మాట్లాడలేదు.

గద్వాల చీరలు:
షాపు వాళ్లను అందరూ అంటున్నారు కాబట్టి చెప్తున్నా. చీర రంగు ఒకే తీరుగా చూపించడం మా చేతిలో కూడా లేదు. ఒక్కో ఫోన్‌లో ఒక్కో తీరు, వివిడ్ మోడ్ ఉన్న ఫోన్‌లో ఎరుపు మండిపోతుంది, ఇంకో దాంట్లో రాత్రిపూట కళ్ల కోసం పెట్టుకున్న పసుపు ఫిల్టర్ ఆన్‌లో ఉంటుంది. మా గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు, జరీ. నూలు వెలుగును మింగుతుంది, పట్టు తిరగ్గొడుతుంది. ఒళ్లు సరిగ్గా చూపిస్తే జరీ తెల్లబారుతుంది, జరీని పట్టుకుంటే ఒళ్లు నల్లబడుతుంది, మాస్క్ వేసి, అంటే ఒక్కో భాగాన్ని విడిగా పట్టుకుని, రెంటికీ వేరు కర్వ్ పెడితే తప్ప కుదరదు. దానికి ఎడిటర్ ఎక్కువ అడుగుతాడు. ఎడిట్ చేయని ఫోటో పెడితే జనం ఆగి చూడరు, పక్కనోడి చీర కొంటారు. అమ్ముడుపోకపోతే నేతన్నకు కూలి ఎక్కడి నుంచి వస్తుంది?

నల్గొండ ఆఫ్‌సెట్:
కర్వ్ సంగతి పక్కన పెడతా. ప్రెస్సులో మేము పార్టీకి ప్రూఫ్ చూపించి, దానిమీద సంతకం పెట్టించుకుని, అప్పుడే ప్లేటు వేస్తాం. సంతకం తర్వాత రంగు బాగాలేదంటే అది పార్టీ బాధ్యత, సంతకం పెట్టించకుండా వేస్తే మాది. క్యాలెండర్ నష్టం అయినప్పటి నుంచి నేను సంతకం లేనిది మెషిన్ ఎక్కించను. చీరలకూ అదే పెట్టండి. ఎడిట్ చేసిన ఫోటోను చీర పక్కన పెట్టి, పగటి వెలుతుర్లో, నేసినవాళ్లు చూసి సరే అనాలి. వాళ్లు సరే అన్నాక వాపసు వస్తే వాళ్లది, అడగకుండా పెడితే షాపుది.

గద్వాల చీరలు:
అట్లా కుదరదు సార్. ఒక్కో ఊరి నుంచి ఒక్కో చీర వస్తుంది, ఫోటో తీసినాటికి చీర గోదాములో ఉంటుంది, మళ్లీ ఊరికి ఎవరు తీసుకుపోతారు?

పుట్టపాక మగ్గం:
మగ్గం మీద నుంచి దింపిన రోజే ఫోటో మేమే తీసిస్తాం. తలుపు దగ్గర, లైటు ఆర్పేసి, నీడ పట్టున, ఎండ తగలకుండా. బయటి వెలుతురు, ట్యూబ్‌లైటు కలిస్తే ఒక పక్క నీలం, ఒక పక్క ఆకుపచ్చ కొడుతుంది, దాన్ని ఒక్క కర్వ్‌తో ఎవరూ సరిచేయలేరు. మొదటి ఫోటోలో గ్రే కార్డు (ఏ రంగు జీరా లేని బూడిద రంగు అట్ట) పెడతాం. మీరు గ్రే డ్రాపర్‌తో ఆ కార్డు మీద క్లిక్ చేసి, వచ్చిన సవరణను మిగతా ఫోటోలకు వేయండి. ఆ తర్వాత వెలుగు పెంచుకుంటారో తగ్గించుకుంటారో కొద్దిగా, రంగును మాత్రం ముట్టుకోవద్దు.

భువనగిరి ఎడిటర్:
ఇదైతే నాకు పని కూడా తగ్గుతుంది అక్కా, చానెళ్లు విడిగా చూసే పనే ఉండదు. షాపు వాళ్లకు ఇప్పుడే మెసేజ్ పెట్టిన, గ్రే కార్డు ఉన్న ఫోటోలే తీసుకుంటానని, రంగు పెంచాలంటే పెంచనిది కూడా పక్కనే పేజీలో పెట్టాలని. చూశారు, జవాబు రాలేదు.

నల్గొండ ఆఫ్‌సెట్:
గ్రే కార్డులు కావాలంటే మా ప్రెస్సులో అచ్చు వేసిస్తా, నేతవాళ్ల దగ్గర పైసలు తీసుకోను.

పాలమూరు కెమెరా:
మంచి మాటే అన్నా, కానీ అచ్చు వేసిన గ్రే వద్దు. నాలుగు ఇంకులు కలిపిన బూడిద రంగు ఎండలో ఒక తీరు, ఎల్‌ఈడీ కింద ఒక తీరు కనబడుతుంది. ఒక్క నల్ల ఇంకుతో వేసినా కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనం నీలం కొడుతుంది. ఫోటోగ్రఫీ కోసం అమ్మే కార్డే తీసుకోవాలి. అక్కకు ఒకటి నేను పంపుతా, నా దగ్గర ఇంకోటి ఉంది.

పుట్టపాక మగ్గం:
కార్డు మేమే కొనుక్కుంటాం అన్నా, థాంక్స్. గద్వాల అన్నా, రంగు పెంచాలని మీరు చెప్పి పెంచిన ఫోటోకు వాపసు వస్తే ఆ ఖర్చు నేతవాళ్ల లెక్కలో కోస్తారా, కోయరా? దానికి మీరింకా జవాబు చెప్పలేదు.