ఉన్ని సాక్స్ వేసుకోవడం తప్పా?

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి:
మా ఆఫీసులో రాత్రంతా ఏసీ ఆపరు, కాళ్లు కొంకర్లు పోతున్నాయి. మెరినో ఉన్ని సాక్స్ కొందామని చూస్తుంటే ఆస్ట్రేలియాలో చేసే మ్యూల్సింగ్ గురించి కనబడింది. ఈగలు గుడ్లు పెట్టి పురుగు పట్టకుండా గొర్రెకు తోక దగ్గర ముడతలుగా ఉండే చర్మాన్ని కోసేస్తారు. న్యూజిలాండ్ 2018లో దీన్ని నిషేధించింది, ఆస్ట్రేలియాలో ఇంకా నడుస్తోంది. నేను ఆ సాక్స్ కొంటే ఆ కోతకు నేనే డబ్బిచ్చినట్టు కాదా?

పచ్చదారి:
అవును, ఇచ్చినట్టే. కోత లేని ఉన్ని అని రాసి ఉన్నా కొనకండి. ఉన్ని తగ్గిన గొర్రెను ఎవరూ ఊరికే మేపరు, మాంసానికే పంపుతారు. నూలు సాక్స్ రెండు జతలు ఒకదానిమీద ఒకటి వేసుకోండి, సరిపోతుంది.

కోఠీ_కుర్రాడు:
చలికాలం కోఠీలో స్వెటర్లు అమ్మేవాళ్ల దగ్గర ఉన్ని సాక్స్ చవగ్గా దొరుకుతాయి. ఆస్ట్రేలియా దాకా ఎందుకు?

తార్నాక_మాస్టారు:
అందులో చాలావరకు యాక్రిలిక్, ఉన్ని కాదు. ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలింది వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. యాక్రిలిక్ కరిగి నల్లటి గట్టి ఉండ కడుతుంది. అది పెట్రోలియం నుంచి వచ్చింది. ఉతికిన ప్రతిసారీ కంటికి కనబడని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయి.

ఇక పచ్చదారి గారికి. నూలు అన్నారు. 1997-98లో వరంగల్ వైపు పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. 2002లో పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తికి అనుమతి వచ్చాక మందులు కొన్నాళ్లు తగ్గాయి, తర్వాత గులాబీ రంగు పురుగు దానికీ తట్టుకుంది. పత్తి చేలో చచ్చే పురుగులు మీ లెక్కలోకి రావా?

పచ్చదారి:
వస్తాయి. అందుకే మందులు లేని పత్తి కొంటాను. మందు కొట్టడం ఆపితే పత్తి ఆగదు, గొర్రెను వాడుకోవడం ఆపితే ఉన్ని ఆగుతుంది. ఈ తేడా మీరు చూడటం లేదు.

కురుమబిడ్డ:
ఇంతసేపు ఆస్ట్రేలియా గొర్రె గురించే మాట్లాడారు, మన దక్కనీ గొర్రె ఎవరికీ గుర్తు రాలేదు. మా తాత ఏడాదికి రెండుసార్లు ఉన్ని తీసేవాడు. గొర్రె కాళ్లు కట్టి పక్కకు పడుకోబెట్టి, పొట్ట కింద నుంచి కత్తెర నడిపేవాడు. ఎక్కడైనా చర్మానికి తగిలితే వెంటనే పసుపు అద్దేవాడు. నానమ్మ రాట్నం మీద వడికేది. గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి ఆరబెడితే గొంగడి. వానలో మంద వెంట తిరగడానికి అదొక్కటే ఉండేది.

ఇప్పుడు ఉన్ని తీసినందుకు ఇచ్చే కూలి కూడా ఉన్ని అమ్మితే రాదు. మా ఊళ్లో తీసి పారబోస్తున్నారు. 2017లో ప్రభుత్వం 75 శాతం రాయితీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. మా ఊరికి వచ్చినవి నెల్లూరు రకం. వాటికి ఉన్ని ఉండదు, మాంసానికే పెంచుతారు. ఉన్నికి ధర లేకపోవడం వల్లే గొర్రె పూర్తిగా కోతకు పోతోంది అక్కా. మీరు ఉన్ని మానేస్తే ఒక్క గొర్రె బతకదు.

పచ్చదారి:
పసుపు ఎందుకు అద్దారు? గాయమైంది కాబట్టి. మీరే రాశారు.

కురుమబిడ్డ:
నేను ఇంత రాస్తే మీకు పసుపు ఒక్కటే కనబడిందా?

తార్నాక_మాస్టారు:
దక్కనీ ఉన్ని ముతక. కాలికి గుచ్చుకుంటుంది, సాక్స్‌కు పనికిరాదు. అడిగిన ప్రశ్న సాక్స్ గురించి.

కురుమబిడ్డ:
సాక్స్ చేయమని ఎవరన్నారు మాస్టారూ? కుర్చీ కింద కాళ్లకు పరుచుకోవచ్చు.

ఉప్పల్_అత్త:
ఉన్ని పాపం అనే వాళ్లు పెళ్లికి పట్టు కట్టరా? పురుగులు లోపల ఉండగానే గూళ్లను వేడినీళ్లలో వేస్తారు. ఒక్క చీరకు వేల పురుగులు.

పచ్చదారి:
కట్టను. మా ఆడపడుచు పెళ్లికి నూలు చీర కట్టుకున్నానని నన్ను పీటల దగ్గరికి రానివ్వలేదు. ఫొటోల్లో కూడా లేను. మన హైదరాబాద్‌లోనే చేనేత సహకార సంస్థలో పనిచేసిన కుసుమ రాజయ్య గారు, సీతాకోకచిలుక బయటికి వచ్చేశాక గూటి నుంచి పట్టు తీసే పద్ధతికి పేటెంట్ తెచ్చుకున్నారు. అలాంటి పట్టు చీర చూపిస్తే మెరుపు లేదని పక్కన పెట్టారు. నమ్మినదాని కోసం మాటలు పడ్డదాన్ని నేను. నాకు లెక్కలు చెప్పకండి.

కురుమబిడ్డ:
మాటలు మీరొక్కరే పడలేదు. హాస్టల్లో గొంగడి కప్పుకుంటే గొర్రె వాసన అని నా మంచాన్ని వరండాలోకి జరిపించారు. వార్డెన్ కూడా ఏమీ అనలేదు. మీరు చీర మార్చుకుంటే పీటల దగ్గరికి వెళ్లేవాళ్లు. నేను ఏం మార్చుకోవాలి?

కోఠీ_కుర్రాడు:
ఇద్దరూ కాస్త ఆగండి.

పచ్చదారి:
మీకు జరిగింది అన్యాయం. అందులో రెండో మాట లేదు. కానీ ఆ అన్యాయం గొర్రె చేయలేదు. గొర్రెల మీద పెట్టిన రాయితీ డబ్బు మరో బతుకుదెరువు మీద పెట్టి ఉంటే మీ పిల్లలకు మంద వెంట తిరిగే అవసరం ఉండేది కాదు. నేను అడిగేది అదే.

కురుమబిడ్డ:
అసలు మాట ఇప్పుడు బయటికొచ్చింది. మీకు ఉన్నితో పేచీ లేదు, మేం కురుమలుగా బతకడంతోనే ఉంది. కూరగాయలు పండించే వాళ్లను వేరే పని చూసుకోమని ఎవరూ అనరు. జీవాలు కాసేవాళ్లకే ఆ సలహా. ఉన్నికి ధర అడుగుతున్నాం, కొత్త పని అడగలేదు. ధర ఇప్పించేదాకా దయచేసి మా తరఫున ఏదీ తీర్మానించకండి.

పచ్చదారి:
మీ తరఫున మాట్లాడటం లేదు. గొర్రె తరఫున మాట్లాడుతున్నాను, దానికి వేరే ఎవరూ లేరు కాబట్టి.

కురుమబిడ్డ:
ఈనినప్పుడు రాత్రంతా మేలుకుని పిల్లను ఒళ్లో పెట్టుకుని పాలు పట్టేది మా అమ్మ. దానికి ఎవరూ లేరని రాయకండి.