కిడ్నీ మార్పిడి అయినవారికి కాలి మీద గడ్డ: మీ అనుభవం చెప్పండి

మిరపతోట: మా నాన్నగారికి కిడ్నీ మార్పిడి జరిగి మూడేళ్లు. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచే మందులు (టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్) వాడుతున్నారు. రెండు నెలలుగా చీలమండ దగ్గర ఉసిరికాయంత గడ్డ. నొప్పి లేదు, జ్వరం లేదు. ఒకరు కొవ్వుగడ్డ అన్నారు. ఇంకొకరు చీముగడ్డని యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

ఏటిగట్టు: మా అన్నయ్యకూ అచ్చం ఇలాగే వచ్చిందండీ. కోసి తీశాక ఫంగస్ అని తేలింది. ఎప్పుడో పొలంలో తుమ్మముల్లు గుచ్చుకుందని అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. తీసిన ముక్కంతా, కుళ్లకుండా ఉంచే ఫార్మాలిన్‌లో వేసి పంపేశారు. అందులో వేస్తే క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్ (క్రిమిని ల్యాబ్‌లో పెంచి ఏదో గుర్తించే పరీక్ష) కుదరదు. ఏ ఫంగసో తెలియకుండానే మందులు వాడాల్సి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీరు ముందే అడగండి: కొంత ముక్క ఫార్మాలిన్‌లో, కొంత స్టెరైల్ సెలైన్‌లో.

చర్మం_పీజీ: ఏటిగట్టు గారు చెప్పింది చాలా ముఖ్యం. ఎరుపు, వాపు, నొప్పి మన రోగనిరోధక శక్తి చేసే పోరాటం వల్లే వస్తాయి. దాన్ని మందులతో అణచినప్పుడు లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా పైకి ప్రశాంతంగా కనిపించొచ్చు. అందుకే నొప్పి లేదని ఊరుకోకూడదు. నల్ల రంగు ఫంగస్ జాతులు (కోవిడ్ అప్పుడు విన్న 'బ్లాక్ ఫంగస్' వేరు), క్షయ, దాని దగ్గరి బ్యాక్టీరియా, నొకార్డియా అనే మరో బ్యాక్టీరియా, ఒక్కోసారి క్యాన్సర్... కంటితో చూసి తేల్చలేం. ల్యాబ్ ఫారంలో 'మార్పిడి రోగి' అని తప్పక రాయించండి. క్షయ జాతి బ్యాక్టీరియాలో కొన్ని 37 డిగ్రీల దగ్గర సరిగా పెరగవు, 30 దగ్గర పెరుగుతాయి. ఫంగస్ కల్చర్‌కి వారాలు పట్టొచ్చు, ఓపిక పట్టాలి.

ఏఆర్‌టీ_కౌన్సిలర్: మా దగ్గర హెచ్ఐవీ ఉన్న ఒకాయనకు ముఖం నిండా మధ్యలో గుంట పడ్డ పొక్కులు. మొలస్కమ్ (వైరస్ వల్ల వచ్చే మామూలు పొక్కులు) అనుకుని వదిలేశారు. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) వందలోపే, అంటే చాలా తక్కువ. తర్వాత చూస్తే క్రిప్టోకాకస్ అనే ఫంగస్. ఇలాంటి పొక్కులతో పాటు తలనొప్పి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, మెదడు పొరలకు పాకి ఉండొచ్చు. రక్తంలో క్రిప్టోకాకల్ యాంటిజెన్ పరీక్ష ఉంది, అడగండి.

మిరపతోట: ఐదు వారాల తర్వాత రాస్తున్నా. గడ్డ మొత్తం తీశారు, రెండు సీసాల్లో పంపించాం. నల్ల ఫంగసే. ఫంగస్ మందు ఇట్రాకొనజోల్ మొదలుపెట్టారు.

ఏటిగట్టు: టాక్రోలిమస్ డోసు తగ్గించారా? ఇట్రాకొనజోల్‌తో రక్తంలో దాని స్థాయి బాగా పెరుగుతుంది.

మిరపతోట: తగ్గించారండీ, నెఫ్రాలజిస్టే. లెవెల్ పరీక్ష మళ్లీ గురువారం.